గింజే గదా అనుకుంటే...

గుమ్మడి గింజలు, అవిసె గింజలు, నువ్వులు, చియా గింజలు కలిపి రోజూ పరగడుపున తినమని సెల్‌ఫోనులో ఎవరో పంపారట. తినవచ్చునా, ఎంత తినవచ్చు, పిల్లలకు పెట్టవచ్చునా అని మీలో చాలామంది అడిగారు. ఒకావిడైతే, "మా వారు నాలుగు చెంచాలు తింటున్నారు, నేను మానమంటే నన్ను పాతకాలపు మనిషినంటున్నారు, మీరైనా చెప్పండి" అని రాసింది.

జవాబు రాయడానికి రెండుసార్లు కూర్చున్నాను. రెండుసార్లూ కాగితం చింపేశాను. గింజల గురించి రాయాలంటే ముందు మర్పల్లి సంగతి రాయాలి. అది రాయడం నాకు అంత తేలిక కాదు. అయినా రాయక తప్పదు గనుక వినండి.

మా అక్కకూతురి అత్తవారిది మర్పల్లి. వికారాబాద్ దగ్గర బీదర్ వైపు చీలే రైలుదారి మీద వుంది ఆ వూరు. సంక్రాంతికి ముందు వచ్చే అమావాస్యను ఆ వైపువాళ్ళు, కర్ణాటక సరిహద్దు వెంబడి వున్న వూళ్ళవాళ్ళు ఎల్లమావాస్య అని చేసుకుంటారు. ఇంటిల్లిపాదీ వండుకున్నవి మూటగట్టుకుని చేనికి వెళ్ళి, అక్కడే పూజ చేసి, అక్కడే కూచుని తింటారు. సజ్జరొట్టెలు, నువ్వులద్దిన జొన్నరొట్టెలు, పచ్చి శనగలూ కందులూ ఆకుకూరలూ కలిపి వండిన బజ్జి. బజ్జి అంటే మనం నూనెలో వేసేది కాదు సుమండీ, గరిటెతో వడ్డించుకునేది. ఎటుచూసినా గింజలే. "రెండేళ్ళ నుంచి పిలుస్తున్నా, ఈసారన్నా రా చిన్నమ్మా" అని పిల్ల బతిమాలితే వెళ్ళాను.

వాళ్ళ బాబుకు అప్పటికి రెండున్నరేళ్ళు. నన్ను చూసిన గంటలోనే చేరికయ్యాడు. చేని గట్టుమీద నేను వేయించిన పల్లీలు నములుతూ కూర్చుంటే వాడొచ్చి చెయ్యి చాపాడు. నాలుగు పల్లీలు వాడి గుప్పిట్లో పోశాను. వాడు నోట్లో వేసుకుని, వాళ్ళ నాన్న పట్టుకోవడానికి వస్తున్నట్టు నటిస్తే కిలకిలా నవ్వుతూ పరుగెత్తాడు.

అంతే. ఉక్కిరిబిక్కిరయ్యేలా దగ్గు. మొహం కందిపోయింది, కళ్ళ నీళ్ళు కారాయి. అందరం చుట్టూ చేరాం. ఎవరో మాడుమీద తట్టారు. "ఎవరో తలుచుకుంటున్నారు" అన్నారొకరు. నీళ్ళు పట్టారు మరొకరు. రెండు నిమిషాల్లో దగ్గు సద్దుమణిగింది. వాడు కాసేపు ఏడ్చి మళ్ళీ ఆటలో పడ్డాడు. పొలమారింది, తగ్గిపోయింది అనుకుని మేమూ మరిచిపోయాం. నేను మర్నాడు హైదరాబాదు వచ్చేశాను.

మూడోరోజు నుంచి పిల్లవాడికి దగ్గు. చలికాలం గనుక జలుబనుకున్నారు. దగ్గరి డాక్టరు చూసి మందిచ్చారు. నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి, జ్వరం పట్టుకుంది. రాత్రిళ్ళు పిల్లికూతలు. మందు మార్చారు. పదకొండో రోజున అక్కకూతురు ఫోను చేసి ఏడుస్తుంటే నాకు గుండె ఝల్లుమంది.

"ఆ రోజు చేలో పొలమారింది గదా, ఆ సంగతి డాక్టరుతో చెప్పావుటే?" అన్నాను.

"అది చెప్పలే చిన్నమ్మా. అది అప్పుడే తగ్గిపాయె గదా!"

డాక్టరును అనడానికేమీ లేదు. ఆయనకెవరూ చెప్పలేదు. చెప్పవలసిన దాన్ని నేను, వూళ్ళో వాళ్ళకు ఆరోగ్యం గురించి వారం వారం రాసేదాన్ని, పల్లీలు పోసి రైలెక్కి వచ్చేశాను.

హైదరాబాదులో పెద్దాసుపత్రికి తీసుకువచ్చారు. ఎక్స్‌రేలో పల్లీ కనబడదు, ఎముకలాగా లోహంలాగా అది నీడ వేయదు. కాని కుడి ఊపిరితిత్తి ఎడమదానికన్నా గాలితో ఉబ్బి వుంది. లోపలికి పోయిన గాలి బయటకు రావడంలేదన్న మాట. మత్తు ఇచ్చి, గొంతులోంచి సన్నని గొట్టం దింపి, వెదికి తీశారు. ఒక చిన్న సీసాలో వేసి చూపించారు. అరబద్ద పల్లీ. నాని ఉబ్బి, మెత్తబడి వుంది. ఇంకో వారం ఆగితే అది ముక్కలై ఇంకా లోపలికి జారేదనీ, ఊపిరితిత్తి చీము పట్టేదనీ చెప్పారు. పిల్లవాడు నాలుగోరోజుకు ఇంటికి వచ్చాడు. బాగున్నాడు.

ఊపిరిగొట్టంలోకి పరికరం దింపి అడ్డుపడినదాన్ని తీసే ఈ విద్యను 1897లో జర్మనీలో గుస్తావ్ కిలియన్ అనే డాక్టరు మొదలుపెట్టాడు. ఒక రైతు ఊపిరిగొట్టంలో పడిన ఎముకముక్కను తీశాడాయన. తరవాత అమెరికాలో షెవలియర్ జాక్సన్ అనే ఆయన జీవితమంతా ఇదే పనిచేశాడు. రోగుల గొంతుల్లోంచి తీసిన రెండువేల పైచిలుకు వస్తువులు, గుండీలూ పిన్నులూ బొమ్మలూ, ఫిలడెల్ఫియాలో మ్యూజియంలో వున్నాయి. ఆయన అన్నిటికన్నా ఎక్కువ భయపడినవాటిలో పల్లీ ఒకటి. గుండీ అయితే పడినచోట పడివుంటుంది. పల్లీ అలా వుండదు. తడికి ఉబ్బుతుంది, దానిలోని నూనె లోపలి పొరను రేపి వాపు పుట్టిస్తుంది, పట్టుకోబోతే చితుకుతుంది. మన ఊపిరిగొట్టపు రెండు కొమ్మల్లో కుడివైపుది వెడల్పు, కాస్త నిటారు. జారినది ఎక్కువగా అటే పోతుంది.

చిన్నపిల్లలకు ముందుపళ్ళు వస్తాయి, కొరుకుతారు. నమిలే వెనకపళ్ళు పూర్తిగా వచ్చి, వాటితో మెత్తగా నమలడం చేతనయ్యేసరికి నాలుగైదేళ్ళు. ఈలోగా కొరికిన బద్ద నాలుక మీద వుండగా నవ్వినా, ఏడ్చినా, పరుగెత్తినా లోపలికి గాలి పీల్చుకునే ఊపులో అదీ పోతుంది. అమెరికా పిల్లల డాక్టర్లు నాలుగేళ్ళ వరకూ, ఇంగ్లండు వాళ్ళు అయిదేళ్ళ వరకూ పల్లీలు, బాదం, జీడిపప్పు వంటివి గింజగా పెట్టవద్దంటారు. వేయించిన శనగలు, పుట్నాలపప్పు, గుమ్మడి గింజలు, చింతగింజ, సీతాఫలం గింజ అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

మరి పొలమారితే ఏం చేయాలి? పిల్లవాడు గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి, ఆ దగ్గే మంచి మందు. నీళ్ళు పట్టవద్దు, అన్నం ముద్దలూ అరటిపండూ మింగించవద్దు, నోట్లో వేలుపెట్టి వెదకవద్దు. పైనున్నది కిందికి పోతుంది. మాడుమీద తడితే ఏమీ కాదు, మంచీ లేదు చెడ్డా లేదు. దగ్గు రాక, గొంతు పెగలక, పెదవులు నీలిరంగుకు తిరుగుతుంటే క్షణం ఆగకూడదు. ఏడాది దాటిన పిల్లవాడిని ముందుకు వంచి, రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో గట్టిగా అయిదుసార్లు చరచాలి. రాకపోతే వెనకనుంచి పట్టుకుని, బొడ్డుకు పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ అయిదుసార్లు నొక్కాలి. మళ్ళీ చరచడం, మళ్ళీ నొక్కడం. ఏడాది లోపు పసిపిల్లలకు పొట్ట నొక్కకూడదు. ముంజేతి మీద బోర్లా, తల కిందికి వుండేట్టు పడుకోబెట్టి వీపుమీద చరిచి, తరవాత వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్యన రెండు వేళ్ళతో నొక్కాలి. ఒకరు ఈ పనిలో వుండగా ఇంకొకరు 108కి ఫోను చేయాలి. ఇక, తినేటప్పుడు ఉక్కిరిబిక్కిరైన పిల్లవాడికి తరవాత ఎప్పుడు దగ్గు వచ్చినా ఆ మాట డాక్టరుకు మొదట చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పకే మేము పదకొండు రోజులు పోగొట్టుకున్నాం.

బాబు ఇంటికి వచ్చాక చూడ్డానికి మళ్ళీ మర్పల్లి వెళ్ళాను. మొహం చెల్లక వాకిట్లోనే నిలబడ్డాను. మా వియ్యపురాలు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

"మీరేం బాధపడకుండ్రి వదినా. మేమందరం ఆడనే ఉంటిమి గదా. మా అత్త ఉన్నప్పుడు పిల్లలకు పల్లీలు గట్ల ఇయ్యకపోతుండె. రోట్ల ఏసి దంచి, బెల్లం గలిపి ముద్ద జేసి పెడుతుండె. మేమే మరిసినం."

పాతకాలంలో అన్నీ తెలిసే చేసేవారని నేననను. ఆ రోజుల్లో ఉట్టి దగ్గుతో పోయారనుకున్న పసివాళ్ళలో ఎందరు ఇలా పోయారో ఎవరు చూశారు? కాని ఆ ముసలమ్మ రోలు మాత్రం మంచిపని చేసింది. పల్లీలు అసలు పెట్టకుండా మానేయడం కూడా మంచిది కాదని ఇప్పుడు తేలింది. పల్లీ పడని పిల్లలు పాశ్చాత్య దేశాల్లో ఎక్కువ. ఇజ్రాయెలులో తక్కువ, అక్కడ పసితనం నుంచే పల్లీపిండితో చేసిన చిరుతిండి పెడతారు. ఇది గమనించి లండనులో గిడియన్ లాక్ అనే వైద్యుడూ ఆయనతోటివారూ చేసిన పరిశోధన 2015లో వెలువడింది. పల్లీ పడకపోయే ప్రమాదం ఎక్కువగా వున్న పసివాళ్ళకు ఏడాది లోపే మెత్తని రూపంలో పల్లీ అలవాటు చేస్తే, అయిదేళ్ళ వయసుకు ఆ జబ్బు వచ్చినవారు నూటికి ఎనభై పాళ్ళు తగ్గారు. ఒళ్ళంతా దద్దుర్లు, తామర వున్న పిల్లలకు మాత్రం డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. కనుక పల్లీ శత్రువు కాదు, దాని ఆకారమే చిక్కు.

పల్లీలోనే కాదు, ఏ గింజలోనైనా ఈ సంగతి వుంది. చెట్టు తన పిల్ల కోసం కట్టిన సద్దిమూట గింజ. మాంసకృత్తులు, నూనె, ఖనిజాలు అన్నీ అందులో వుంటాయి. పల్లీలో నూటికి పాతిక పాళ్ళు మాంసకృత్తులే. కాని ఆ మూట మనకోసం కట్టింది కాదు గనుక గట్టిగా ముడివేసింది. పైన గట్టి తొక్క, లోపల ఒక్కోదానికి ఒక్కో చేదో విషమో. నానబెట్టడం, మొలకెత్తించడం, వేయించడం, దంచడం, ఇవన్నీ ఆ ముడి విప్పే ఉపాయాలు.

అవిసె గింజలు చూడండి. (అవిసె చెట్టు ఆకు కూర వండుకుంటామే, అది వేరు, ఇది వేరు.) వీటి నూనెలో సగానికి పైగా ఒమేగా-3 అనే మంచి కొవ్వు వుంది. చెడ్డ కొలెస్టరాలును కొంత తగ్గిస్తాయి, విరేచనం సాఫీగా అవుతుంది. అయితే గింజ గింజగా మింగితే నునుపైన ఆ తొక్కను మన కడుపు అరిగించలేదు. ఎలా పోయినవి అలాగే బయటకు వస్తాయి. పొడి చేస్తేనే ఫలం. పచ్చివి ఎక్కువగా తింటే వాటిలో సయనైడును పుట్టించే పదార్థం కొద్దిగా వుంది, వేయిస్తే తగ్గుతుంది. రక్తం పలచబడే మందు వాడేవాళ్ళు, పేగులకు ఆపరేషను అయినవాళ్ళు, గర్భిణులు డాక్టరును అడిగి తినాలి. ఇతర మందులు వేసుకునే వేళకూ దీనికీ రెండు గంటల ఎడం వుంచాలి, లేకపోతే దీని జిగురు మందును పట్టుకుని ఒంటికి పట్టనివ్వదు. అది చేపనూనెతో సమానమని చెప్పేవారి మాట మాత్రం పూర్తిగా నమ్మకండి. దీనిలోని ఒమేగా-3ను చేపలో వుండే రూపంలోకి మన శరీరం కొద్దిగానే మార్చుకోగలదు.

నువ్వుల సున్నం లెక్క ఇంకొకటి. వంద గ్రాముల నువ్వుల్లో పన్నెండువందల మిల్లిగ్రాములకు పైగా సున్నం, అంతే ఆవుపాలల్లో నూట ఇరవై. అంటే పదిరెట్లని గొప్పగా చెబుతారు. నిజమే. కాని వంద గ్రాముల నువ్వులు ఎవరు తింటారు? ఒక చెంచాడు తింటాం, వంద మిల్లిగ్రాములు వస్తుంది. అందులోనూ చాలా భాగం పైతొక్కలో ఆక్సలేటుతో ముడిపడి వుంటుంది గనుక ఒంటికి పట్టేది ఇంకా తక్కువ. గ్లాసెడు పాలు మాని నువ్వుల వుండతో సరిపెట్టుకోవద్దు. పాలు సరిపడనివాళ్ళకు మాత్రం రోజూ రొట్టెమీద, కూరలో, పచ్చడిలో పడే నువ్వులు మంచి ఆసరా.

చియా మన గింజ కాదు, మెక్సికోది. మన సబ్జాకు దూరపు చుట్టమనుకోండి. తన బరువుకు పదిరెట్ల నీళ్ళు తాగి ఉబ్బుతుంది. పొడిగా మింగి పైన నీళ్ళు తాగాడొకాయన అమెరికాలో. అది అన్నవాహికలోనే ఉబ్బి బంకై కూర్చుంటే డాక్టర్లు తీయవలసి వచ్చింది. ఈ సంగతి 2014లో అక్కడి వైద్యుల సభలో చెప్పారు. సబ్జాను ముందు నానేసి గాని తాగని మన అలవాటు దీనికీ పెట్టుకోండి. మింగడం కష్టమైన ముసలివాళ్ళకు అసలు వద్దు.

ఇక ఆ నాలుగు చెంచాల పెద్దమనిషికి: అన్నీ కలిపి రోజుకు గుప్పెడు, అంటే ముప్పై గ్రాములు, చాలు. గుప్పెడు పల్లీలు రెండు పుల్కాల పెట్టు. అన్నం తగ్గించకుండా ఇవి కలుపుకుంటే బరువు పెరుగుతుంది. ఉప్పు చల్లిన పొట్లాలు రక్తపోటువాళ్ళకు పనికిరావు. మూత్రపిండాల్లో రాళ్ళున్నవాళ్ళు నువ్వులు తగ్గించాలి. మీరు పాతకాలపు మనిషి కారమ్మా, ఈ ముక్క ఆయనకు చదివి వినిపించండి.

బూజు సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా సీమకోడి పిల్లలు చచ్చిపోయాయి. వాటి దాణాలో కలిపిన వేరుశనగ పిండిలోని బూజుదే ఆ పాపమని తరవాత తెలిసింది. ఆ విషానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజుపట్టిన మొక్కజొన్న తిని కామెర్లతో వందమందికి పైగా చనిపోతే, ఆ కారణాన్ని నిరూపించింది మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు. వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. ముడుతపడ్డ, రంగు మారిన, చేదైన పల్లీని పారేయండి. ఒక్కటి చేదైతే ఉమ్మేసి నోరు పుక్కిలించండి, "దండగ" అని మింగవద్దు.

ఆ మధ్యాహ్నం మా వియ్యపురాలు చాటలో కందిపప్పు పోసి ఏరుతూ కూచుంది. తాండూరు కంది. దానికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. "ఇంటి పప్పులో ఏమేరతారు?" అన్నాను. "మా పప్పైతే రాళ్ళు. దుకాణం పప్పైతే గింజలు" అంది. ఆవిడ మాట నిజం. కందిపప్పులో, శనగపప్పులో కేసరి పప్పు కలిపి అమ్మే మోసం పాతదే. చూడ్డానికి ఒకలాగే వున్నా కేసరి పప్పు ఒకవైపు వాలుగా చెక్కినట్టు, చీలలాగా పలకగా వుంటుంది. కరువు వచ్చినప్పుడు వేరే గింజ లేక నెలల తరబడి అదే తిన్నవాళ్ళకు కాళ్ళు పడిపోయాయి, మళ్ళీ రాలేదు. మధ్యప్రదేశ్‌లోని సాగర్ ప్రాంతంలో 1830 ప్రాంతాల్లోనే దీన్ని చూసి స్లీమన్ అనే ఇంగ్లీషు అధికారి రాశాడు. 1961లో మన ప్రభుత్వం దాని అమ్మకాన్ని నిషేధించింది. లోపలి విషమేమిటో 1964లో బెంగుళూరు విజ్ఞాన సంస్థలో ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ గార్లు విడదీసి చూపారు. రావుగారు తరవాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. ఎప్పుడో ఒకపూట రెండు గింజలు వచ్చినంత మాత్రాన భయం లేదు. అదే ముఖ్యాహారమైతేనే కీడు. అయినా ఏరడం మానకండి.

పెరట్లో ఆముదం, అడవి ఆముదం, పచ్చగన్నేరు, గురివింద వున్నవాళ్ళు పిల్లల మీద ఒక కన్నేసి వుంచండి. ఆ గింజలు కొరికితే విషం. బాదంపప్పులా వున్నాయని బడిపిల్లలు అడవి ఆముదం గింజలు తిని వాంతులతో ఆస్పత్రి పాలవడం మామూలైపోయింది.

వచ్చేటప్పుడు వియ్యపురాలు అవిసె గింజల పొడి సీసాలో పోసి ఇచ్చింది. చాలామంది అడుగుతారని కొలత రాసుకొచ్చాను. ఒక గ్లాసు అవిసె గింజలు సన్నసెగ మీద చిటపటలాడేదాకా వేయించాలి. మాడితే చేదు. ఎనిమిది ఎండుమిరపకాయలు, చెంచా జీలకర్ర విడిగా వేయించి, నిమ్మకాయంత చింతపండు, తగిన ఉప్పు కలిపి దంచి, చివర అరడజను వెల్లుల్లి రెబ్బలు వేసి ఒక్క తిప్పు తిప్పాలి. వేడన్నంలో నెయ్యితో మొదటి ముద్దకు ఒక చెంచా. ఈ పొడి త్వరగా కనరు వాసన వేస్తుంది గనుక వారానికి సరిపడా మాత్రమే చేసుకుని, తడి తగలని సీసాలో మూత బిగించి పెట్టుకోండి. బాబుకు మాత్రం కారం లేకుండా, పల్లీలు దంచి బెల్లంతో ముద్ద చేసి పెడుతున్నారు. వేయించిన పల్లీల డబ్బా వాడికి అయిదేళ్ళు వచ్చేదాకా అటకమీదే.